కూత లైటు

నా కూత ఆగలేదు. ఆ వేసవి అంతా నేను నిద్రలో కూడా ఇదే అరిచానని మా అవ్వ దేవమ్మ ఊరందరికీ చెప్పింది. ఊరందరికీ చెప్పిందంటే ఇల్లిల్లూ తిరిగిందని కాదు. వాకిట్లో నిలబడి ఒకసారి మాట్లాడింది, అంతే. మా అవ్వ కలుపు కూలీల గుంపుకు పెద్ద. ఆమె పిలిస్తే మూడు చేల అవతల ఉన్న మనిషి కూడా ఉలిక్కిపడి కొంగు బిగించుకుని వచ్చేది.

అది ఎనభై నాలుగో సంవత్సరం ఎండాకాలం. ఆళ్లగడ్డలో మా బడి సైన్సు సారు జ్ఞానప్రకాశం సెలవుల్లో పిల్లలకు ఒక శిబిరం పెట్టారు. పొద్దున చల్లగా ఉన్నంతసేపు ఆటలు. ఎండ ముదిరాక గదిలో కూర్చుని బ్యాటరీలు, బల్బులు, చెడిపోయిన రేడియోలు విప్పడం. సాయంత్రానికి ఇంటికి. సారు దానికి పెట్టిన పేరు రాస్తే బోర్డంతా నిండేది, మేం మాత్రం కరెంటు బడి అనేవాళ్లం. బెత్తం లేకుండా, ఎక్కాలు లేకుండా, చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చే బడిని మాలో ఎవరూ అంతకుముందు చూడలేదు. సెలవుల్లో బడేంటని మొదటి రోజు ఏడ్చినవాళ్లే, ఆదివారం కూడా తెరవమని సారు ఇంటి ముందు బైఠాయించారు.

నంద్యాలలోనూ అలాంటి శిబిరమే నడిచేది. దాన్ని చూసుకునేది డ్రిల్లు సారు దాదా ఖలందర్. రెండు ఊళ్ల పిల్లలకూ చెడుగుడు పోటీ పెడదామని సార్లిద్దరూ అనుకున్నారు. ఆడా మగా కలిసిన జట్లు, మొదటి ఆట నంద్యాలలో, రెండోది మా ఊళ్లో. మా జట్టులో కూతకు పోయేది నేనే. చర్చిలో అందరూ పాట ఆపేశాక కూడా చివరి రాగం లాగుతూ ఉండి, పాస్టరమ్మ చేత తిట్లు తిన్న ఊపిరి నాది.

నంద్యాలలో ఆఖరి కూతకు పోయాను. ఇద్దరిని తాకాను. మిగతావాళ్లు నా కాళ్లు పట్టుకున్నారు. వాళ్లందరినీ ఈడ్చుకుంటూ వచ్చి గీత అందుకున్నాను. చుట్టూ జనం చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నారు. రెఫరీగా ఉన్న ఖలందర్ సారు ఈల ఊదారు.

"కూత ఆగింది. ఔట్."

"ఆగల్యా సార్!" అన్నాను.

"ఆగింది పాపా."

"మీకు యాడ ఇనపడింది? ఆగల్యా అంటాంటే!"

రెఫరీతో వాదులాడినందుకు ఇంకో పాయింటు కూడా పోయింది. ఓడిపోయాం. ఓడితే ఓడాం, నంద్యాల పిల్లలు బస్టాండు దాకా వెంటపడి "దొంగ కూత, దొంగ కూత" అని చప్పట్లు కొడుతూ పాడారు. బస్సు శిరివెళ్ల దాటినా నా చెవుల్లో అదే మోత. పైగా మా జట్టువాళ్లు నా మొహం చూడకుండా కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు. అంటే వాళ్లకూ అనుమానమే. నాకు ఒళ్లు మండిపోయింది. పాయింటు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు, దొంగ అనే పేరు ఎట్లా పోతుంది?

కరెంటు బడిలో నా జతగత్తె అమీర్‌బీ ఒక్కతే వచ్చి నా పక్కన కూర్చుంది. వాళ్ల నాయన బజారులో రేడియోలు బాగుచేసేవాడు. అందుకే లోకంలో ఏ కష్టం వచ్చినా ఎక్కడో తీగ ఊడి ఉంటుందనే దాని నమ్మకం.

"ఏడ్సొద్దు మే," అంది. "కూత ఆగిందా ల్యాదా సూపిచ్చే లైటు ఒకటి చేద్దాం."

మర్నాడు ఆ మాట చెప్పగానే జ్ఞానప్రకాశం సారు లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. ఒక పాత టెలిఫోనులో నోటి దగ్గర పెట్టుకునే ముక్క దొరికింది. అమీర్‌బీ వాళ్ల నాయన పనికిరాదని పడేసిన రేడియోలోంచి ఏవేవో ఊడదీసింది. ఆ ముక్క కూతకు పోయేవాళ్ల మెడలో కట్టాలి. దాన్నుంచి పొడుగాటి తీగ వచ్చి, వెదురు గడ మీద కట్టిన ఎర్ర బల్బుకు చేరుతుంది. చప్పుడు ఉన్నంతసేపు బల్బు వెలగాలి, ఆగితే ఆరిపోవాలి.

గదిలో నేను "చెడుగుడు చెడుగుడు" అన్నాను. వెలిగింది! నోరు మూశాను. ఆరిపోయింది! మళ్లీ అన్నాను, మళ్లీ మూశాను. ఇక చూడండి, మేం బెంచీలెక్కి గంతులు. సారు కూడా గంతులు. ఆ రోజు ఎవరైనా బడి గుమ్మం దగ్గరికి వచ్చి ఉంటే పిచ్చాసుపత్రి అనుకునేవాళ్లు.

కానీ మైదానంలోకి తెచ్చాక నేను నోరు మూసినా బల్బు ఆరలేదు. మిణుకు మిణుకుమంటూనే ఉంది. అమీర్‌బీ అంతా విప్పి మళ్లీ బిగించింది. అదే తంతు. గదిలోకి తీసుకుపోయి తలుపు వేస్తే బుద్ధిగా ఆరుతుంది, బయటికి తెస్తే మొండికేస్తుంది. మూడు రోజులు జుట్టు పీక్కున్నాం. చివరికి మా గొడవ చూడ్డానికి ప్యాపిలి నుంచి వచ్చిన సారు చెల్లెలు అడిగింది, "ఆ టకటక ఏందన్నా?"

"ఏ టకటక?" అన్నాం అందరం.

గోడ అవతల రాతి బొమ్మలు చెక్కే పందిళ్లున్నాయి. తెల్లారింది మొదలు ఉలి మీద సుత్తి పడుతూనే ఉంటుంది. ఆళ్లగడ్డలో పుట్టినవాళ్లకు అది చప్పుడే కాదు, అసలు వినపడదు. బల్బుకు వినపడింది! మేం నవ్విన నవ్వుకు అది మరింత బాగా వెలిగింది.

"అంటే ఆటప్పుడు ఉలి ఆగాల," అన్నారు సారు. అక్కడితో ఆగి, నెత్తి గోక్కున్నారు. "జనం గూడా నోరు మూసుకోవాల."

చెడుగుడు చూస్తూ నోరు మూసుకోవడం! పెళ్లికి పోయి భోంచేయకుండా రావడమైనా నయం. కానీ సారు నంద్యాలకు పోయి ఖలందర్ సారును ఒప్పించి వచ్చారు. ఈసారీ రెఫరీ ఆయనే, కానీ లైటు ఏం చెబితే అదే తీర్పు. ఆటగాళ్లయినా, చూసేవాళ్లయినా సరే, కూత నడుస్తుండగా ఏ ఊరివాళ్లు చప్పుడు చేస్తే ఆ ఊరికి ఒక పాయింటు కోత. బొమ్మలు చెక్కేవాళ్లు మారు మాట్లాడకుండా ఉలి పక్కన పెట్టారు. నాకు భయమంతా మా అవ్వతోనే.

"నువ్వు రావొద్దవ్వా."

"ఏందీ? నేను అరిస్తేనే గదా నీకు బలం!"

"నువ్వు అరిస్తే మనం ఓడిపోతాం. నేను దొంగననే పేరు నిలబడిపోతాది."

అవ్వ మూతి తిప్పింది. "సావింట్లో కూర్చున్నట్టు ఇదేం ఆటమే," అని గొణిగి, తువ్వాలు తీసుకుని బయల్దేరింది. మైదానంలో కూర్చోగానే ఆ తువ్వాలు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది.

అలాంటి ఆట నేను మళ్లీ చూడలేదు. నంద్యాల నుంచి ఒక బస్సెడు జనం, మా ఊరు సగం, అందరి అరచేతులూ నోళ్ల మీదే. మంచి పట్టు పడితే అరవడానికి లేదు గనక మనుషులు లేచి గాలిలో చేతులు ఊపుతూ గెంతేవాళ్లు. నంద్యాల పెద్దమనిషి ఒకాయన ఆనందం పట్టలేక పక్కవాడి భుజం కొరికాడు. మావాడొకడు గోలీసోడా కొట్టాడు, బల్బు భగ్గుమంది, పాయింటు కోత. నంద్యాలవాడికి తుమ్మొచ్చింది, వాళ్లకూ కోత. నవ్వు ఆపుకోలేక కొందరు రోడ్డు దాకా పరిగెత్తి, నవ్వేసి, మళ్లీ వచ్చి కూర్చున్నారు.

రెండు జట్లూ సమానంగా వచ్చాయి. మిగిలింది ఒక్క కూత, నాది. మెడలో టెలిఫోను ముక్క, వెనక గాలిపటం దారం వదిలినట్టు తీగ వదులుతూ అమీర్‌బీ. బల్బు వెలిగింది. పోయాను. మూలన ఉన్నవాడిని తాకాను, వెనక్కి తిరిగేలోపు నడుం పట్టేశారు. ఒకరి మీద ఒకరు పడ్డారు. నా మొహం ఇసుకలో ఉంది, నోట్లో కూడా ఇసుకే. "చెడుగుడు చెడుగుడు" అంటూనే మోచేతుల మీద పాకుతున్నాను.

ఆ తోపులాటలో తీగ తెగింది. అది నాకు తెలియదు. అమీర్‌బీ తెగిన కొస పట్టుకుని నోరు తెరిచి నిలబడిపోయిందట. బల్బు ఆరిపోయింది. నంద్యాల జనమంతా లేచి బల్బు వైపు వేళ్లు చూపిస్తున్నారు, అరవడానికి లేదాయె. ఖలందర్ సారు ఈల నోట్లో పెట్టుకున్నారు. ఊదలేదు. మెల్లగా నడిచి వచ్చి, మా కుప్ప పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి చెవి పెట్టారు.

ఉలి లేదు, ఈల లేదు, జనం లేరు. ఆ మైదానంలో నా గొంతు ఒక్కటే ఉంది. సన్నగా, ఇసుకలోంచి, "చెడుగుడు చెడుగుడు." నా వేలు గీతను తాకింది. అప్పుడు ఈల మోగింది.

"గెలిచింది ఆళ్లగడ్డ!"

"లైటు ఆరిపాయ గదా సార్!" నంద్యాల జట్టు నాయకుడు గొంతు చించుకున్నాడు. "లైటు చెప్పిందే తీర్పు అంటిరి!"

"లైటు సచ్చింది. పిల్ల సావల్యా," అన్నారు ఖలందర్ సారు. "నేను ఇన్యా. నువ్వు దాని మీదనే పడుకోనుంటివి గదా, నువ్వు ఇనల్యా?"

వాడు నా వైపు చూశాడు. చొక్కా దులుపుకున్నాడు. "ఇన్యా సార్," అన్నాడు.

మా అవ్వ తువ్వాలు పీకేసింది. ఆ కేకకు బొమ్మల పందిళ్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. తీగ బాగుండి ఉంటే బల్బు పగిలిపోయేది. జనం అంతసేపు దాచుకున్నదంతా ఒక్కసారి అరిచారు, నంద్యాలవాళ్లు కూడా, ఎందుకు అరుస్తున్నారో వాళ్లకే తెలియకుండా. ఆ గోలలోనే నేను ఖలందర్ సారు చెయ్యి పట్టుకుని లాగాను.

"అయితే ఆ పొద్దు గూడా ఆగల్యా గదా సార్?"

ఆయన నా నెత్తి మీది ఇసుక దులిపారు. "ఆ పొద్దు నాకు ఇనపడనే ల్యా పాపా. ఆ అరుపుల్లో ఏం ఇనపడ్తాది? ఆగింటాదిలే అనుకొని ఊదేస్తి."

అంతటితో ఊరుకోలేదు. ఈల ఊది, నంద్యాల జట్టును, మా జట్టును ఎదురెదురుగా నిలబెట్టి, అదే మాట గట్టిగా ఇంకోసారి చెప్పారు. తప్పు తనదేనన్నారు. బస్సులో కిటికీలోంచి బయటికి చూసినవాళ్లు ఇప్పుడు నన్నే చూస్తున్నారు. ఈ రోజు కోసం నేను ఎన్ని తిట్లు కూడబెట్టుకున్నానో! ఒక్కటీ నోటికి రాలేదు. ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్లొచ్చాయి. నంద్యాల నాయకుడు పరిగెత్తి పోయి నాకు గోలీసోడా తెచ్చాడు.