గుళ్ళు తూచే దానయ్య

దానయ్య సీసపు గుండును ట్వీజర్స్‌తో త్రాసు పళ్ళెంలో పెట్టి ఊపిరి బిగబట్టాడు. ఆ త్రాసు మహా సున్నితం. పక్కన నిట్టూర్చినా లెక్కలోకి తీసుకుంటుంది. అంకె కుదురుకున్నాక తేలికవి ఎడమ డబ్బాలోకి, బరువైనవి కుడివైపు, సరైనవి మధ్యలోకి. గుళ్ళన్నీ ఒకే బరువుంటేనే ఎయిర్ రైఫిల్ ఒకే చోట కొడుతుంది. జురాంగ్ వెస్ట్ షూటింగ్ క్లబ్బులో తల నెరిసేదాకా అతని పని ఇదే. తను మాత్రం ఒక్కసారీ పేల్చలేదు.

"మా ఆయన గుళ్ళు చూసుకుంటారు" అని భార్య సరోజిని చుట్టాలకు చెప్పేది. వాళ్ళు దేవుడి గుళ్ళనుకున్నారు. ఊరికే వచ్చే పుణ్యాన్ని కాదనడమెందుకని ఆవిడ సరిదిద్దలేదు.

నందిత వచ్చి తన గుళ్ళ డబ్బా బల్లమీద పెట్టింది. నిన్న టీమ్ సెలక్షన్‌లో వెంట్రుకవాసిలో పోయిన పిల్ల. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఇంక వద్దు అంకుల్. నా హ్యాండ్ స్టెడీ లేదంట, కోచ్ చెప్పాడు. మానేస్తున్నా లా," అంది ఆ ఊరి యాసలో.

"ఉండమ్మా."

తనే ఏరి ఇచ్చిన ఆ డబ్బాలో మిగిలినవి తూచాడు. మొదటిది సరి. కాసేపటికి ఒకటి తేలిక. తర్వాత ఇంకొకటి. ఎడమ డబ్బాలో పడాల్సినవి. కొన్నాళ్ళుగా అతని వేళ్ళు వణుకుతున్నాయి. ఆ సంగతి ఇంట్లో కాఫీ గ్లాసుకి తెలుసు, సరోజినికి తెలుసు. క్లబ్బుకి తెలిస్తే పని ఉండదు.

మేనేజర్ గోపీకృష్ణ వంగి చూశాడు. "కంపెనీ సరుకే అంత అంకుల్. మెయిల్ కొడదాం, వదిలేయండి."

తలూపితే చాలు. నందిత తన అరచేతిని పరాయివాళ్ళది చూసినట్టు చూసుకుంటోంది.

"కంపెనీకి చెయ్యి వణకదు సార్. నాదే వణుకుతాది. పిల్ల బాగానే కొట్టింది. కోచ్‌కి చెప్పండి."

"టీమ్ లిస్ట్ పంపేశారు కదా, మరి" అన్నాడు గోపీకృష్ణ. "మీరు ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకోండి" అన్నాడు. మళ్ళీ ఎప్పుడు రమ్మంటాడో చెప్పలేదు.

నందిత డబ్బా వదిలేసి, రైఫిల్ మాత్రం తీసుకుని రేంజి వైపు నడిచింది. థాంక్స్ చెప్పలేదు. దేనికని చెప్పాలి?

దానయ్య త్రాసుమీద గుడ్డ కప్పి బస్సెక్కాడు. సాయంత్రం క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఎవరో "థాంక్యూ అంకుల్ డానియల్" అని, అతని పేరే తప్పుగా, పెట్టారు. దానికి బోలెడన్ని బొటనవేళ్ళు.

క్లబ్బులో తన కుర్చీలో టిష్యూ ప్యాకెట్ ఒకటి మరిచిపోయాడు. ఆ ఊళ్ళో టిష్యూ పెట్టారంటే చోటు చోప్ చేసినట్టే, అంటే పట్టిపెట్టుకున్నట్టే, మనిషి తిరిగొస్తాడనే. వచ్చేవాడెవరో మకాన్‌కి, అంటే తిండికి, వెళ్ళాడనుకుని అందరూ పక్కనుంచే పోతున్నారు. ఏసీ గాలికి ప్యాకెట్ కొస మాత్రం లేచి లేచి పడుతోంది.