సింధూరి చేతికి నప్పిన కీబోర్డు

ఒక జ్వరం తర్వాత సాయిశ్రీకి రెండు చెవులూ వినపడకుండా పోయాయి. మాట మాత్రం మిగిలింది. బెంజ్ సర్కిల్ దగ్గర గ్రూప్స్ కోచింగ్‌లో చేరినప్పుడు ఆమె పక్కన కూర్చున్న అమ్మాయి సింధూరి. సాయిశ్రీ అవస్థ చూసి, ఎవరూ అడగకుండానే లాప్‌టాప్ తెచ్చుకుని, సారు చెప్పే పాఠాన్ని అప్పటికప్పుడు టైపు చేయడం మొదలుపెట్టింది. సాయిశ్రీ స్క్రీను మీద చదువుకునేది.

వానలు మొదలయ్యేసరికి సింధూరి మణికట్లు పట్టేశాయి. బయటికి చెప్పలేదు. ఒకరోజు టీ గ్లాసు ఎత్తబోయి మళ్లీ కింద పెట్టేయడం సాయిశ్రీ కంట పడింది.

"చెయ్యి నొప్పా?" తన గొంతు తనకు వినపడదు గనుక సాయిశ్రీ గట్టిగానే అడిగింది.

సింధూరి కాదన్నట్టు తలూపింది.

"అబద్ధాలాడకే. నా వల్ల నీ చేతులు పాడైతే నాకీ చదువే వద్దు."

సింధూరి ఫోనులో రాసి చూపించింది: "టైపు చేయడం మానను. లాప్‌టాప్ మీద చేతులు ముడుచుకుపోతున్నాయట. వేరే కీబోర్డు పెట్టుకోమన్నారు డాక్టరుగారు."

"అయితే పద, గవర్నర్‌పేటలో కంప్యూటర్ కొట్లకి వెళ్దాం."

కొట్టు యజమాని హర్షవర్ధన్ ముందుగా రంగు లైట్లు వెలిగే కీబోర్డును చూపించాడు. "ఇప్పుడంతా ఇదే తీసుకెళ్తున్నారండీ." నొక్కితే టకటకమని కొట్టంతా మోగింది. క్లాసులో ఇది పనికిరాదంది సింధూరి. రెండోది పల్చగా బాగానే ఉంది కానీ కీలు గట్టిగా ఉన్నాయి. కాసేపటికే వేళ్లు లాగాయి.

"వేరేవి ఉంటే నా లాప్‌టాప్‌కి పెట్టి కొంచెంసేపు కొట్టి చూడొచ్చాండీ? మీరు మామూలుగా మాట్లాడుతూ ఉండండి," అంది సింధూరి.

ఆయన మాట్లాడుతున్నాడు, సింధూరి టైపు చేస్తోంది, సాయిశ్రీ చదివి జవాబు చెబుతోంది. ఆయనకు మెల్లగా అర్థమైంది.

"ఆ అమ్మాయికి వినపడదాండీ?"

"వినపడదండీ. ఇలా చదువుకుంటుంది."

హర్షవర్ధన్ కుర్చీ తెచ్చి వేశాడు. "నిలబడి చూస్తే తెలీదమ్మా, కూర్చోండి." సీలు తీయని పెట్టెలు కూడా తెరిచాడు. వాటిలో ఒకటి ఎత్తు తక్కువ, మధ్యలో కొద్దిగా వంపు ఉంది. కీలు చప్పుడు లేకుండా మెత్తగా దిగాయి. మణికట్లు వంగకుండా తిన్నగా నిలిచాయి. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ గురించి ఆయన చెప్పినదంతా టైపు చేసినా సింధూరికి నొప్పి తెలియలేదు.

"ఇదే," అంది.

బిల్లు సాయిశ్రీ కట్టింది. సింధూరి వద్దనబోతే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

నొప్పి ఒక్కసారిగా పోలేదు. మధ్యమధ్య చేతులకు విశ్రాంతినిస్తూ ఉంటే క్రమంగా తగ్గింది. అంతవరకు సింధూరి వేళ్లు కాపాడుకోవడానికి పాఠం మాత్రమే టైపు చేసి, సారు వేసే జోకులు వదిలేసేది. ఇప్పుడు అవి కూడా టైపు చేయసాగింది. ఒకరోజు క్లాసంతా నవ్వుతుంటే సాయిశ్రీ కూడా పకపకా నవ్వింది.

"సార్, ఇన్నాళ్లకి మీ జోకు నాకూ అందింది!"

సారు సింధూరి వైపు తిరిగి చేతులు జోడించారు.

పటమట వెళ్లే ఆటోలో సాయిశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకు థాంక్స్ ఎలా చెప్పాలే?"

సింధూరి ఫోను తీసి రాసింది: "పాలిటీ పాఠమంటే నాకు నిద్రొచ్చేది. నీ కోసం టైపు చేస్తూ చేస్తూ మొత్తం వచ్చేసింది. థాంక్స్ నేనే చెప్పాలి."

సాయిశ్రీ అది రెండుసార్లు చదివి, ఫోను తిరిగి ఇవ్వకుండా ఒళ్లో పెట్టుకుంది.