చెమట వాసన లేని తడి

పన్నెండో నంబరు హ్యాంగర్ మీది చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుని మరోసారి వాసన చూసింది పోలీసమ్మ. తడిగానే ఉంది. మెడ దగ్గర, వీపు మీద, చంకల్లో, ఎక్కడ తడవాలో అక్కడే తడిసింది. కానీ చెమట వాసన లేదు. ఉత్త కుళాయి నీళ్ళ వాసన.

ఫ్యాక్టరీకి సైకిల్ మీద వచ్చే ఆడవాళ్ళు దారిలో చెమటకి తడిసిన బట్టలు ఈ గదిలో ఆరేసి, బీరువాలోంచి ఉతికినవి తీసి కట్టుకుని పనిలోకి వెళ్తారు. ఉన్నవి పద్దెనిమిదే బీరువాలు. ఇరవై రెండేళ్ళుగా వాటిని కనిపెట్టుకుని ఉండడమే ఆవిడ ఉద్యోగం. ఎవరు ఎత్తుదారిలో వస్తారో, ఎవరు ఇంట్లో ఏడ్చి బయల్దేరారో బట్టలు చూసి చెప్పేస్తుంది. అందుకే వెనకాల అందరూ పోలీసమ్మ అంటారు. ఆ సంగతి తెలిసి ఆవిడ లోలోపల మురిసిపోతుంది కూడా.

అనుమానం ఆవిడకు ఊరికే అబ్బలేదు. మొగుడు ఉద్యోగం పోయిన సంగతి దాచి, ఎనిమిది నెలలు రోజూ క్యారియర్ పట్టుకుని బయల్దేరాడు. చొక్కాకి మిషన్ నూనె వాసన రావడం లేదని పట్టుకుంది. అప్పటినుంచి మనుషుల మాటలు నమ్మడం మానేసింది.

పన్నెండో నంబరు టెలిఫోన్ ఆపరేటరుది. రోజంతా ఫోన్లో మాట్లాడుతుంది కాబట్టి కాబోలు, మిగతా వేళల్లో నోరు విప్పదు. పోలీసమ్మ షెడ్డులోకి వెళ్ళి చూసింది. తెల్లవారుజాము వానకి అందరి సైకిళ్ళూ బురద కొట్టుకున్నాయి. ఆపరేటరు సైకిల్ చక్రాలు మాత్రం పెళ్ళికూతురి పాదాల్లా శుభ్రంగా ఉన్నాయి. నేరుగా ఫ్యాక్టరీ ముందు సిమెంటు వీధి చివర సైకిల్ షాపుకి నడిచింది.

"ఆ సైకిలా? రాత్రుళ్ళు ఇక్కడే ఉంటుందమ్మా," అన్నాడు షాపతను. "పొద్దున్నే ఆవిడ బస్సు దిగి నడిపించుకుంటూ తీసుకెళ్తారు."

పోలీసమ్మకి ఒళ్ళు మండిపోయింది. ప్యాకింగులో పనిచేసే తన కూతురు గంటసేపు సైకిల్ తొక్కుకుంటూ వచ్చి మెట్ల కింద బట్టలు మార్చుకుంటోంది. నిన్న ఎవడో తొంగిచూశాడని ఏడ్చింది. ఖాళీ అయ్యే మొదటి బీరువా ఆ పిల్లకే రావాలి. అసలు సైకిలే తొక్కని మనిషి దర్జాగా ఒకటి పట్టుకుని కూర్చుందా!

సూపరింటెండెంటుకి అంతా చెప్పేసింది. ఆయన కాగితం మీద రాసుకున్నాడు.

"అయితే డాక్టర్ దగ్గరికి పంపాలి," అన్నాడు. "ఏటా చేసే పరీక్ష సైకిల్ తొక్కేవాళ్ళకి లేదు కదా. వాళ్ళ గుండె గట్టిదని మేనేజ్‌మెంటు లెక్క."

ఆ మాట పోలీసమ్మ చెవికెక్కలేదు. కూతురికి కబురు చెప్పడానికి పరుగున వెళ్ళింది.

మూడున్నరకి ఆపరేటరు వచ్చి బీరువా ఖాళీ చేయడం మొదలుపెట్టింది. పెదాల్లో నెత్తురు చుక్క లేదు. చీర మడిచి సంచిలో పెట్టడానికే రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది.

"రేపట్నుంచి రావద్దన్నారక్కా. గుండె బాగాలేదట. ఏడాదిగా నాకు తెలుసులెండి. రిటైరయ్యేదాకా, ఇంకో పద్నాలుగు నెలలు ఎలాగోలా లాగుదామనుకున్నా."

పోలీసమ్మ దగ్గరికొచ్చి సంచి పట్టుకుంది.

"నాతో ఒక్క ముక్క చెప్పుంటే..."

"మీతోనా?" ఆపరేటరు నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు. "చెబితే నమ్మేవారా అక్కా?"

తాళంచెవి చేతిలో పెట్టింది. "మీ అమ్మాయికేగా? తలుపు కాస్త బిగుసుకుంటుంది. కింద మోకాలితో తట్టమనండి."

సైకిల్ నడిపించుకుంటూ, మధ్యలో ఆగుతూ, ఆపరేటరు గేటు దాటింది. కిటికీలోంచి చూస్తున్న పోలీసమ్మకి తన ముక్కు మీద తనకే అసహ్యం వేసింది. పరుగెత్తి పిలవాలనిపించింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది.

షిఫ్టు అయ్యేసరికి కూతురు వస్తుందని, గుడ్డ తీసుకుని బీరువా తుడవబోయింది. పై అర మూలన, ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద నీళ్ళు చల్లే చిన్న ప్లాస్టిక్ సీసా ఉంది. అందులో రేపటికి సరిపడా నీళ్ళు పోసి ఉన్నాయి.