ఎడమ నుంచి మూడో వాల్వు

పదకొండో తిప్పు దగ్గర వాల్వు ఎప్పటిలాగే మొరాయించింది. వీరభద్రం ఇనుప కీని రెండు చేతులా పట్టుకుని, ఒంటి బరువంతా దాని మీద వేశాడు. రోడ్డు కింద నీళ్లు కదిలిన సంగతి ముందు అతని అరికాళ్లకు తెలిసింది. తూంకుంటలో ఆరు కాలనీలకు నీళ్లు వదిలేది అతనే.

"ఏందయ్యా, మా గల్లీకి నీళ్లిడిసేది ఉన్నదా లేదా?" బాల్కనీలోంచి ఇందిరమ్మ అరిచింది.

"ముందుగాల మీ నల్లా ఇప్పి సూడుండ్రమ్మా!"

నల్లా విప్పితే నీళ్లు వచ్చాయి. ఆమె లోపలికి వెళ్లిపోయింది. రోజూ ఇదే గోల.

కొత్తగా వచ్చిన ఇంజినీరు రఘునందన్, పొద్దున తిప్పే వాల్వుల మూతలకు ఎరుపు, సాయంత్రం వాటికి ఆకుపచ్చ వేయించాడు. పని సులువవుతుందట! వీరభద్రానికి రెండూ ఒకే బురద రంగు. యాభై ఏడేళ్ల వయసులో ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు? ఏ వాల్వు ఎక్కడ బిగుస్తుందో చేతులకు తెలుసు. నేవీలో పదిహేనేళ్లూ ఆ చేతులతోనే నెట్టుకొచ్చాడు.

మూత వేస్తుండగా స్టీఫెన్ స్కూటర్ వచ్చి ఆగింది. వీరభద్రం ప్రాణం ఉసూరుమంది.

ఇరవై ఏడేళ్ల కిందట ఓడ ఇంజన్ గదిలో మంటలు లేచాయి. కళ్లు పొడుచుకున్నా కనపడని పొగలోకి వీరభద్రం ఒక్కడే దిగి, పదకొండు వాల్వుల్లో ఇంధనం ఆపేదాన్ని తిప్పేసి, స్పృహ తప్పి పడున్న స్టీఫెన్‌ను భుజాన వేసుకొచ్చాడు. పతకం రాలేదు. అప్పటి నుంచి దానికోసం స్టీఫెన్ నేవీకి అర్జీలు రాస్తూనే ఉన్నాడు. గుండెకు రెండు స్టెంట్లు పడ్డాక ఆ పిచ్చి మరీ ముదిరింది. శామీర్‌పేట చర్చిలో సంఘపెద్ద, కూతురి పెళ్లిచూపుల్లో కూడా చిన్న అబద్ధం ఆడని మనిషి.

"జవాబొచ్చింది తమ్మీ! ఒక్కటే అడిగిన్రు. గంత పొగల గా వాల్వును ఎట్ల గుర్తువట్టినవని. చెప్పు, రాస్త. జల్దీ పంపాలె."

"నాకొద్దన్నా. ఎన్నిసార్లు చెప్పాలె?"

"నా పానం పోయేలోపల నీకు పతకం రావాలె. గంతే!"

వీరభద్రం ఓపిక అయిపోయింది. చేతిలోని కీని రోడ్డు మీద పడేశాడు.

"గీ మూత ఏం రంగే?"

"ఎర్రగున్నది."

"గా పక్కది?"

"పచ్చగ."

"నాకు రెండూ ఒక్కతీర్గనే కనవడ్తయి. పుట్టినప్పటి సంది."

నేవీ పరీక్షలో రంగుచుక్కల మధ్య అంకెలు చదివిస్తారు. చదవలేనివాడు అక్కడి నుంచి అటే ఇంటికి. వీరభద్రం ఆ పుస్తకాన్ని పేజీల వరసన బట్టీ పట్టి గట్టెక్కాడు. తీరా ఓడలో గొట్టాలన్నింటికీ రంగులే గుర్తు. దొరికిపోతానన్న భయంతో ప్రతి వాల్వునూ కళ్లు మూసుకుని తడిమి తడిమి నేర్చుకున్నాడు. ఆ రోజు పొగలో అందరికీ రంగులు పోయాయి. అతనికి కొత్తగా పోయిందేమీ లేదు.

"గిది రాస్తే, అసలు నేవీలకు ఎట్లొచ్చినవంటరు. పింఛను వోతది. పెండ్లాం పిల్లల ముంగట దొంగనైత."

స్టీఫెన్ రెండు మూతల వంకా మార్చి మార్చి చూశాడు. నోరు తెరిచాక ఆగలేదు. "ఇరవై ఏడేండ్లు నన్ను తిప్పినవ్ గదరా! గప్పుడే నిజం చెప్పి ఇంటికి వొయ్యుంటే... నేను సస్తుంటి." తిట్టాలో ఏడవాలో తెలియక కాగితాలు డిక్కీలో కుక్కి వెళ్లిపోయాడు. పీడ విరగడైందనుకున్నాడు వీరభద్రం. అలా అనుకున్నందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

సాయంత్రం వాల్వులు తిప్పుతుంటే స్టీఫెన్ కూతురు రెబెక్కా ఫోన్ చేసింది. "చిన్నాయినా, నాయిన తిని పండుకున్నడు. లేపితే లేస్తలేడు."

అతను శామీర్‌పేట చేరేసరికి స్టీఫెన్ ముఖం మీదికి దుప్పటి కప్పేశారు. పాస్టరు ప్రార్థన చేస్తున్నాడు. వీరభద్రానికి ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. మాట పూర్తికాకుండా ఇలా వెళ్లిపోవడమేమిటి?

రెబెక్కా అతన్ని కిటికీ దగ్గరి బల్ల వైపు తీసుకెళ్లి, దాని మీదున్న అర్జీ చూపించింది. "రేపు పొద్దుగాల గిది పోస్టు చెయ్యమన్నడు. చెయ్యాల్నా?"

సాక్షి చెప్పవలసిన చోట స్టీఫెన్ తనకొచ్చిన ఇంగ్లీషులో లావుపాటి అక్షరాలతో రాశాడు: 'అప్పుడు నాకు స్పృహ ఉంది. ఎడమ నుంచి మూడో వాల్వు అని నేనే అరిచి చెప్పాను. అతను ప్రాణాలకు తెగించి తిప్పాడు. దేవుని ఎదుట ఇది నిజం.'

"ఎంత మొండోనివే అన్నా," అన్నాడు వీరభద్రం. రెబెక్కా ఇంకా అతని మాట కోసమే చూస్తోంది. సంతకం పక్కన మూత పెట్టని పెన్ను పడి ఉంది, దాని మొన కింద సిరా చిన్న మచ్చగా పాకింది.