వలకు రెండో కొస

వీసా ఇంకో మూడేళ్ళు పొడిగించారని మా ఆయన తేజేశ్వర్ ఫోన్ చేసేసరికి నేను అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున, పడవల డాక్ మీద, ముసలి జాలరి మార్జ్ వలకు రెండో కొస పట్టుకుని ఉన్నాను. పెళ్ళయి ఏడాది కాలేదు. నా పసుపుతాడు ఇంకా బట్టలకు రంగు అంటిస్తూనే ఉంది. ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని నేను నవ్వుతుంటే, సంగతేమిటో తెలియకుండానే మార్జ్ కూడా నవ్వింది.

వలంతా ఆకుపచ్చ పాచి. ఇద్దరు చెరో కొస పట్టి దులిపితే తప్ప వదలదు. సాయంత్రాలు నాకు ఆ పనన్నా, తర్వాత ఆమె కాగితంలో చుట్టిచ్చే వేడి చేపముక్కన్నా ఎంత ఇష్టమో.

అప్పుడే షెరిఫ్ కారు వచ్చి ఆగింది.

ఎగువన పందుల ఫారం కంపెనీ పెంటనీళ్ళు వాగులోకి వదులుతుంది. వాగు సరస్సులో కలుస్తుంది. ఆ పెంటకు విషపు పాచి పెరిగి, ఆ ఆగస్టులో చేపలు చచ్చి తేలాయి. కుళాయి నీళ్ళు తాగొద్దని ఊరంతా చెప్పారు. ముందురోజు మార్జ్ ఆ చచ్చిన చేపల్ని తెచ్చి కంపెనీ గేటు ముందు కుమ్మరించింది. విషం వదిలినవాళ్ళు ఏసీ గదుల్లో ఉన్నారు. బేడీలు ఈ ముసలామెకు పడ్డాయి.

ఆమె కొస జారి వల నీళ్ళలోకి వాలింది. నేను నా కొస వదల్లేదు. ధైర్యంతో కాదు, వేళ్ళు బిగుసుకుపోయి.

ఆ రాత్రి జాలర్లంతా డాక్ పక్క ఐసు గదిలో మీటింగ్ పెట్టారు. కంపెనీతో పెట్టుకుంటే చేపలు పట్టే లైసెన్సులు పోతాయని ఒకతను భయపడ్డాడు.

"లైసెన్సు పెట్టుకుని ఏం పడతావురా, పాచినా?" అన్నాడు మార్జ్ తమ్ముడు వాల్ట్.

చేపలు కోసే మెక్సికో ఆడవాళ్ళు గోడవారన నిలబడ్డారు. తమకు కాగితాలే లేవని, అయినా వచ్చామని వాళ్ళలో ఒకామె చెప్పింది.

నన్ను వెతుక్కుంటూ తేజేశ్వర్ స్వీట్ డబ్బాతో వచ్చాడు. చుట్టూ చూసి అతని ముఖం పాలిపోయింది.

"నీహా, పిచ్చా నీకు? ఆ కంపెనీ మా క్లయింట్. ఫోటోలో పడితే కాంట్రాక్ట్ టెర్మినేట్ చేస్తారు. ఇక వీసా ఎక్కడిది?"

"నాకూ భయంగానే ఉంది తేజూ. కానీ ఇవాళ ఎసరు ఏ నీళ్ళతో పెట్టావు?"

పొద్దున కొన్న నీళ్ళ క్యాను మోసుకొచ్చి అన్నం వండింది అతనే.

మర్నాడు పొద్దున ఆరింటికి, కంపెనీ పెంటనీళ్ళ ట్యాంకర్లు బయల్దేరే వేళకు, పాచి వలలన్నీ గేటుకు అడ్డం పట్టాలని వాల్ట్ చెప్పాడు.

"నేల మీద పరిస్తే తొక్కుకుంటూ పోతారు. చేతులతో పట్టుకుని నిలబడాలి. మా అక్క వల ఎవరు పట్టుకుంటారు?"

చెయ్యెత్తాను. గాజులు చప్పుడు చేశాయి. అందరూ ఇటు తిరిగారు.

"రెండో కొస?" అన్నాడు వాల్ట్.

తేజేశ్వర్ స్వీట్ డబ్బాను ఐసు పెట్టె మీద పెట్టాడు.

"గేటుకు ఎడమ పక్క కెమెరా ఉంది," అన్నాడు. "అటు కొసన నేనుంటాను. ఫోటోలో పడితే నేనే పడతాను."

వాల్ట్ అతన్ని ఓ క్షణం చూసి తలూపాడు.

"రేపు ఆరింటికి. గ్లవ్స్ తెచ్చుకోండి. ఆ పాచికి చేతులు మండుతాయి."