కాట్రేనికోన ఒర

“ఒకటి... రెండు... మూడు” అని మైకులో పలికి, గంగబాబు ఆంప్లిఫయరు బొత్తాన్ని పిసరంత వెనక్కి తిప్పాడు. అమలాపురంలోని ఆ ఉపన్యాసాల హాల్లో పద్దెనిమిదేళ్ళుగా అతను మైకులో పలికింది ఆ మూడు అంకెలే. ఈ సాయంత్రం నాలుగు మాటలు మాట్లాడబోతున్నాడు. అందుకే ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చాడు. గంజి మెడకి గీసుకుంటున్నా పై గుండీ విప్పలేదు.

వేదిక పక్కన గాజుపెట్టెలో నూతి ఒర ఉంది, గోడ కూలకుండా నూతిలోకి దించే చుట్టు. సైకిలు చక్రమంత వెడల్పు, కాల్చిన మట్టి. రెండు వేల ఏళ్ళ నాటిదట. కాట్రేనికోనలో రొయ్యల చెరువు తవ్వుతుంటే గంగబాబు పారకే తగిలింది. నిధి ఉందేమోనని తోటి కూలీలు పైనున్న ఒరల్ని గునపాలతో పొడిచేశారు. గంగబాబు అడ్డుపడి ఒకదాన్ని దక్కించి, గోనెల్లో చుట్టి సైకిలుకి కట్టుకుని, ఇక్కడిదాకా నడిపించుకుంటూ తెచ్చాడు. అందుకు మెచ్చి హాలు పెద్దలు కుర్చీలు వేసే ఉద్యోగం ఇచ్చారు.

గాజుపెట్టె చేయించిన దాతది పి.గన్నవరం. ఆయన ముచ్చట పడ్డారని ‘పి.గన్నవరం దగ్గర దొరికినది’ అని పెట్టె మీద రాయించేశారు. ఆ అబద్ధాన్ని గంగబాబే రోజూ గుడ్డపెట్టి తుడుస్తాడు. అసలు చోట గట్టు కింద ఇంకా తొమ్మిది ఒరలు ఒకదానిమీద ఒకటి నిలిచే ఉన్నాయి. తవ్వినవాళ్ళలో కొందరు పోయారు, కొందరు గల్ఫ్‌కెళ్ళి జాడ లేరు. ఆ గట్టేదో చూపించగలిగేది ఇప్పుడు అతనొక్కడే.

హాలు కార్యదర్శి ధనరాజు పోయిన నెల మాటిచ్చాడు. “ఈసారి పాతకాలం నూతుల మీదే ఉపన్యాసం గంగబాబూ. నిన్ను స్టేజీ మీదకి పిలిచి శాలువా కప్పుతాం. ఎక్కడ దొరికిందో నీ నోటితోనే చెబుదువుగాని.”

“ఆయ్, అలాగేనండీ.”

రిటైరైన చరిత్ర లెక్చరర్ రామ్మూర్తి గారు సింధులోయ ఇటుక నూతుల దగ్గర మొదలుపెట్టి గోదారి లంకల దాకా వచ్చారు. “ఈ ఒర ఎవరో పేరు తెలియని కూలీకి దొరికిందట” అన్నారు. ఆ కూలీ నాలుగు గజాల దూరంలో కూర్చుని, ఆయన గొంతు గరగరలాడకుండా బొత్తం సరిచేస్తున్నాడు.

ఇంతలో పిలవని పెద్దమనిషి, ఏదో పార్టీ నాయకుడు, వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ధనరాజు గబగబా గంగబాబు చెవి దగ్గరికి వంగాడు.

“ఏమనుకోకు. శాలువా ఒక్కటే ఉంది. నీ సంగతి వచ్చే నెల చూద్దాం. పళ్ళెంలో పెట్టి పట్రా.”

తనకు కప్పాల్సిన శాలువాని తానే మోసుకెళ్ళి ఇచ్చాడు గంగబాబు. అందరూ చప్పట్లు కొట్టారు. వందన సమర్పణలో మైకు సెట్టుకి కూడా కృతజ్ఞతలు చెప్పారు, దాని వెనకున్న మనిషికి తప్ప. ఏం మనుషులో!

కుర్చీలు మడుస్తుంటే నిఖిత అనే డిగ్రీ పిల్ల నోటుపుస్తకంతో వచ్చింది.

“తాతగారూ, మాది గన్నవరమేనండి. ఇలాంటిది మా ఊళ్ళో దొరికిందని ఎవరూ చెప్పలేదండి. నిజంగా ఎక్కడిదండి ఇది?”

పద్దెనిమిదేళ్ళుగా ఎవరైనా అడుగుతారని కాచుకున్న ప్రశ్న. కానీ ఆ వేళకి అతని మనసు విరిగిపోయి ఉంది.

“నాకేం తెలుసమ్మా. కుర్చీలేసేవోణ్ణి. పెద్దోళ్ళనడుగు.”

పిల్ల కదల్లేదు. ఇంకో నాలుగు కుర్చీలు మడిచాక గంగబాబే మెత్తబడ్డాడు. “రేపు పొద్దున్న రామ్మా. చెప్తాను.”

మర్నాడు తొమ్మిదింటికి నిఖిత వచ్చేసరికి హాలు తలుపులు తీసి ధనరాజు ఒక్కడే ఉన్నాడు.

“ఇంకెక్కడి గంగబాబమ్మా. తెల్లారగట్ట గుండె పట్టుకుని పడిపోయేడంట. ఆస్పత్రికి తీసికెళ్ళేలోపే పోయేడు. వచ్చే నెలకి మైకు మనిషిని ఎక్కణ్ణించి తేవాలో” అన్నాడు.

రాసుకోవడానికేమీ లేక, నిఖిత నోటుపుస్తకాన్ని మైకు బల్ల మీద పెట్టింది. ఆ బల్లకి ఒక కాలు పొట్టి. ఊగకుండా దాని కింద గంగబాబు ఎప్పుడో పెట్టిన ఎర్రటి ఒర పెంకు ఒకటి ఉంది, కాట్రేనికోన బురద ఇంకా అంటుకునే.