పిట్టలవాడి చెయ్యి

తురింగియా కొండల్లోని ఆ పింగాణీ కార్ఖానాలో సిడోనీ పని, బట్టీలోకి వెళ్ళే పచ్చి బొమ్మలకు ఊతాలు పెట్టడం. మంటలో పింగాణీ కుంచించుకుపోయి కిందికి కుంగుతుంది. అందుకే చాచిన చేతి కింద పెట్టే ఊతం కూడా అదే పచ్చి మట్టిదై ఉండాలి. రెండూ కలిసి కుంగాలి. నిరుడు ఊతం తప్పు పెట్టినామెను ఆ పూటే పనిలోంచి పంపేశారు.

ఈసారి బట్టీలో ఉన్నది ఆమె అన్న గాట్‌లోబ్ చేసిన బొమ్మ. ఇన్నేళ్ళూ కప్పులకు పిడులు అతికించిన మనిషి. బొమ్మ బాగా వస్తే బొమ్మలవాళ్ళ గదిలో చోటిస్తానని మాస్టర్ హెర్ట్‌విగ్ మాటిచ్చాడు. ప్రభువుగారి విందు బల్ల కోసం అందరూ దొరసానుల్ని చేస్తుంటే గాట్‌లోబ్ తమ ఊళ్ళో పిట్టలు పట్టి అమ్మే పిట్టలవాడిని చేశాడు. చాచిన వేలి మీద చిన్న పిట్ట.

"ప్రభువుగారి విందు బల్ల మీద మన పిట్టలవాడా! పక్కన బంగాళాదుంప ఉండలు కూడా చేసి పెట్టరాదూ?" అంది రంగులేసే రోజీనా.

"చేస్తా. నువ్వు వండినంత గట్టిగా రావాలంటే మాత్రం రెండుసార్లు కాల్చాలి," అన్నాడతను.

బట్టీ చల్లారాక గాట్‌లోబే ముందు లోపలికి వెళ్ళాడు. మంట నేరుగా తగలకుండా బొమ్మను ఉంచిన మట్టి పెట్టె మూత తీసి, అటు తిరిగి కాసేపు అలాగే నిలబడిపోయాడు. బయటికి తెచ్చి మాస్టర్ ముందు పెట్టాక చూస్తే, పిట్టలవాడి చెయ్యి భుజం దగ్గర విరిగిపోయి ఉంది.

సిడోనీకి తను పెట్టిన ఊతం గుర్తొచ్చింది. అన్న బొమ్మ కదా అని, బుట్టలో అన్నిటికన్నా తెల్లగా, నిటారుగా ఉన్న ఊతాన్ని ఏరి మరీ పెట్టింది. పచ్చి మట్టి బూడిదరంగులో ఉంటుంది. తెల్లగా ఉందంటే అది అప్పటికే ఒకసారి మంట చూసి వచ్చిందన్నమాట. బొమ్మ కుంగింది, ఊతం కుంగలేదు. చేతిని పైకి నెట్టి విరిచేసింది.

"తప్పు నాదే మాస్టర్. మట్టి ఆరిపోయాక చెయ్యి అతికించాను," అన్నాడు గాట్‌లోబ్.

"కాదండీ! నేను కాలిన ఊతం పెట్టాను," అంది సిడోనీ.

"ఏదమ్మా ఆ ఊతం?"

పెట్టెలో లేదు. గాట్‌లోబ్ జేబు మాత్రం ఉబ్బెత్తుగా ఉంది. ఆమె చూసిందని అతనికి తెలిసింది. వద్దన్నట్టు తల కొంచెం ఊపాడు.

"అన్నని వెనకేసుకొస్తున్నావులే. మంచిదానివే," అన్నాడు హెర్ట్‌విగ్. "ఒరేయ్ గాట్‌లోబ్, నీకు పిడులే అతుకుతాయిరా. వాటినే అతికించుకో."

ఒక్క అడుగు వేసి ఆ జేబులో చెయ్యి పెడితే చాలు. సిడోనీ చెయ్యి కదిలింది కూడా.

"బుట్ట తీసుకుని పనికెళ్ళు, సిడోనీ," అన్నాడు అన్న, మెల్లగా.

ఆమె బుట్ట తీసుకుంది.

చలికాలం వచ్చాక ఒకరోజు, అతని బల్ల దగ్గర ఆగి అడిగింది. "అన్నయ్యా, మళ్ళీ బొమ్మ చెయ్యవూ?"

"ఎందుకే? పిడులకైతే ఊతాలతో పనిలేదు," అని నవ్వాడతను.

సరదాకే అన్నాడు. చెల్లెలి ముఖం చూశాక నవ్వు ఆపేసి, ఇంకో కప్పు అందుకున్నాడు.